మా అత్త కోసం పెట్టించిన కన్ను

అసూయ మంచిది కాదని చెప్పేవాళ్లు తమకది ఎన్నడూ లేనట్టే చెబుతారు. నాకు ఉంది. అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మా బావ భార్యను, అంటే మా యారాలిని చూస్తే పెళ్లయిన మొదటి వారం నుంచే నాకు ఒళ్లు మండేది. ఆమె నీకేం అన్యాయం చేసిందని అడిగితే చెప్పడానికి ఒక్కటీ లేదు. నవ్వుతూ పలకరించేది. వాళ్ల పెరట్లో కాసిన బీరకాయల్లో సగం మాకు పంపేది. నా పిల్లల తలలకు నూనె పెట్టి దువ్వేది. తిట్టడానికి వంక దొరక్కపోవడం ఎంత కష్టమో అసూయ పడినవాళ్లకే తెలుస్తుంది.

గోదావరిఖనిలో మావి కంపెనీ క్వార్టర్లు. బావ వాళ్లది, మాది ఒకే గోడకు అటొకటి, ఇటొకటి. ముందు గది, దాని వెనక వంటగది, ఆ వెనక రేకుల కింద ఇంత పెరడు. మా మామ బొగ్గు బాయిలో పని చేసి చేసి ఊపిరి ఆడని స్థితికి వస్తే డాక్టర్లు అన్‌ఫిట్ చేశారు. ఆ నౌకరి మా ఆయనకు వచ్చింది. బావ అప్పటికే తన సొంత నౌకరిలో ఉన్నాడు. మా దగ్గర దీనికొక పద్ధతి ఉంది. తండ్రి నౌకరి ఏ కొడుక్కు వస్తే తల్లిదండ్రులను ఆ కొడుకే చూసుకోవాలి. పెద్దమనుషులు కూర్చుని అదే మాట తేల్చారు. మామ పోయిన తర్వాత కూడా అత్త ఆ మాట ప్రకారం మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ 'మాట ప్రకారం' అన్నదే నాకు ముల్లులా గుచ్చుకునేది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నేను కాపురానికి వచ్చిన మొదటి ఎండాకాలం వడదెబ్బ తగిలి మంచాన పడ్డాను. రామగుండం ఎండలు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ మూడు నాలుగు రోజులూ అత్త నా పక్క నుంచి లేవలేదు. ఉల్లిగడ్డ దంచి ఆ రసం అరికాళ్లకు రాస్తూ, తడిగుడ్డ మారుస్తూ కూర్చుంది. జ్వరం దిగేసరికి నేనొక నిర్ణయానికి వచ్చాను. ఈ ముసలామె నాది. ఆ సంగతి ఆమెను అడగలేదు, ఇంకెవరికీ చెప్పలేదు. కానీ ఆమె నా ఇంట్లో ఉన్నది ఇష్టమై ఉన్నదా, నౌకరి ఒప్పందానికి కట్టుబడి ఉన్నదా అన్నది మాత్రం నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉండేది, తెలుసుకోవాలంటే భయంగానూ ఉండేది.

తొంభైల మొదట్లో యారాలి తమ్ముడు మస్కట్ నుంచి వస్తూ అక్కకు క్యాసెట్లు వేసి చూసే వీడియో ఒకటి తెచ్చాడు. రంగుల టీవీ వాళ్లకు ముందే ఉంది. మా వరుసలో వీడియో ఉన్న ఇల్లు అదొక్కటే. ఆ పెట్టెను చూడటానికి వచ్చినవాళ్లు చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లేవాళ్లు. నేను కూడా వెళ్లాను. బాగుందక్కా అన్నాను. ఇంటికి వచ్చి ఉత్త పుణ్యానికి మా పిల్లలను కేకలేశాను.

వీడియో వాళ్లింట్లో ఉందన్న బాధ వారం రోజుల్లో తగ్గిపోయేదే. తగ్గకపోవడానికి కారణం మా అత్త. ఆమెకు పౌరాణిక సినిమాలంటే ప్రాణం. పొద్దు గూకకముందే చీర కుచ్చిళ్లు సర్దుకుని, తమలపాకుల సంచి చంకన పెట్టుకుని గోడ అవతలికి వెళ్లిపోయేది. యారాలు అద్దెకు తెచ్చిన క్యాసెట్టు పెట్టి, రిమోటు చేతిలో పట్టుకుని అత్త పక్కన కూర్చునేది. అత్త ఆపమంటే ఆపేది. వెనక్కి తిప్పమంటే తిప్పేది. అత్త సినిమా చూసే తీరు వేరు. ఒక పాత్ర తెర మీదికి రాగానే బొమ్మను నిలబెట్టాలి. వాడెవడో, ఎవరి కొడుకో, ముందు జన్మలో ఏం పాపం చేశాడో ఆమె చెప్పాలి, పక్కవాళ్లు వినాలి. తర్వాత మళ్లీ నడిపించాలి. యారాలు ఇదంతా నవ్వుతూ చేసేది. గోడ ఇవతల నేను పప్పు ఎనుపుతూ ఆ నవ్వులు వినేదాన్ని.

తిరిగి వచ్చాక అన్నం ముందర కూర్చుని అత్త చెప్పే కబుర్లన్నీ పెద్దకోడలి గురించే.

"దానికి ఎంత ఓపికనే. పదిసార్లు ఆపుమన్న ఇసుక్కోదు. మా చెల్లె గుడ గంత ఓపికతోని నా మాట ఇనలే."

"పొరుగింటి పుల్లకూర రుచి అని ఊకనే అన్నరా అత్తమ్మా," అన్నాను ఒకరోజు, కంచంలో కూర వేస్తూ.

"పొరుగిల్లు ఎట్లయితదే, అది నా కొడుకు ఇల్లేనాయె," అన్నది అత్త. అని, కూర ఇంకొంచెం వేయమంది. ఆమెకు ఎత్తిపొడుపులు తగలవు. తగిలినా తగలనట్టు ఉండటం వచ్చు.

మా ఆయన బాయిలో ఎలక్ట్రీషియన్. నేను పట్టుబట్టి ఒక పని చేయించాను. మా చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీకి గోడ మీది సందులోంచి ఒక వైరు లాగించాను. వాళ్ల వీడియోలో ఏది నడిస్తే అది మా టీవీలో కూడా వస్తుంది. యారాలు అడ్డు చెబుతుందని, చెబితే నాలుగు మాటలు అనొచ్చని ఎదురు చూశాను. ఆమె స్టూలు తెచ్చి ఇచ్చి, మా ఆయన ఎక్కి వైరు బిగిస్తుంటే కింద పట్టుకుని నిలబడింది.

అత్త రెండు సాయంత్రాలు మా ఇంట్లో చూసింది. మంచం టీవీ ఎదురుగా, ఫ్యాను గాలి సూటిగా తగిలే చోట వేసి ఇచ్చాను. కానీ బొమ్మ తన దారిన తాను పోతూనే ఉండేది. ఆపాలంటే అత్త గోడ వైపు తిరిగి కేకలేయాలి. "ఏ పిల్లా, ఆపు. ఆపమన్ననా." ఆ కేక అందుకుని యారాలు ఆపేసరికి ఆ పాత్ర చచ్చిపోయి, వాడి కొడుకు రాజ్యానికి వచ్చేవాడు. మూడోనాడు అత్త సంచి చంకన పెట్టుకుంది.

"ఈడ ఆపుడు లేదు బిడ్డా," అన్నది చెప్పులు వేసుకుంటూ.

ఆపడం ఇక్కడికి తేవాలి, అంతే. రిమోటు ఒక్కటే. అది వీడియో ఎదురుగా నిలబడి నొక్కితేనే పని చేస్తుంది. గోడ దాటదు. మా ఆయన నవ్వాడు. "గోడకు తొర్ర పెట్టాల్నా?" అన్నాడు. కంపెనీ గోడ కాకపోతే నేను పెట్టమనే దాన్ని. చివరికి చౌరస్తా దగ్గర రేడియో దుకాణం నడిపే భాయిని అడుగుదామని బయలుదేరదీశాను. మా ఆయనకు ఆయన బాగా తెలిసినవాడు. పాత రేడియోలూ టేపు రికార్డర్లూ విప్పి పోసుకుని వాటి నడుమ కూర్చునే మనిషి. నా గోడు ఓపికగా విన్నాడు.

"ఫికర్ చెయ్యకు భాభీ," అన్నాడు. "రిమోట్‌ల నుంచి ఒక తీరు వెలుగు వస్తది. మన కంటికి ఆనది. మీ ఇంట్ల ఒక కన్ను పెడత. అది ఆ వెలుగును చూస్తది. చూసింది వైరు మీద గోడ అవుతలికి పంపుతది. ఆడ వీడియో ముంగట ఒక చిన్న బల్బు పెడత. కన్ను చూసిందంత ఆ బల్బు వీడియోకు చెప్తది. వీడియోకు ఏం ఎరుక, ఎదురుంగనే నిలబడి నొక్కిన్రు అనుకుంటది."

నాకు అందులో సగమే అర్థమైంది. ఆ సగం చాలు. మోసపోయేది వీడియో కాబట్టి నాకేం అభ్యంతరం కనిపించలేదు.

భాయి ఆ కన్నును ప్లాస్టిక్ సబ్బు పెట్టెలో అమర్చుకొచ్చాడు. పెట్టెకు ముందు చిన్న రంధ్రం, అందులోంచి శనగగింజంత నల్లటి పూస. వైరు మా ఇంట్లోనే దొరికింది. బాయిలో బొగ్గు పేల్చడానికి వాడే జంట వైరు ముక్కలు పనికిరావని పారేస్తే మా వరుసలో అందరూ తెచ్చుకునేవాళ్లు. బట్టల దండేలు అవే, చిక్కుడు పాదుకు పందిరి కట్టేవీ అవే. మా పెరట్లో దండెం విప్పి మా ఆయన దాన్ని గోడ మీదికి ఎక్కించాడు. ఆ రోజు ఉతికిన బట్టలు చేతుల మీద వేసుకుని నేను పక్కన నిలబడ్డాను. సబ్బు పెట్టె టీవీ మీద కూర్చుంది. అటు పక్క యారాలి ఇంట్లో చిన్న బల్బును వీడియో ముఖానికి ఎదురుగా పెట్టి, కదలకుండా టేపు అంటించారు.

మధ్యాహ్నం పరీక్ష చేశారు. అత్త మంచం మీద కూర్చుని, రిమోటును రెండు చేతులతో పట్టుకుని, కొబ్బరికాయ కొట్టేటప్పుడు పెట్టే ముఖం పెట్టి బటన్ నొక్కింది. టీవీలో పరుగెత్తుతున్న గుర్రం ఆగిపోయింది. గోడ అవతల నుంచి యారాలు, "ఆగింది అత్తమ్మా, ఈడ గుడ ఆగింది," అని కేకేసింది. అత్త మళ్లీ నొక్కింది. గుర్రం కదిలింది. అలా ఎన్నిసార్లు ఆపిందో, ఎన్నిసార్లు కదిలించిందో.

"రిమోటు ఇగ అత్తమ్మ కాడనే ఉండనీ," అన్నది యారాలు మా గడపలోకి వచ్చి. "నాకేంది, పెట్టె మీద బటన్లున్నయి, లేసి నొక్కుకుంట."

ఆమె ఆ మాట అనకుండా ఉంటే నా గెలుపు గెలుపులా ఉండేది. అడిగి తీసుకుందామనుకున్నదాన్ని ముందే చేతిలో పెట్టేస్తే గెలిచిన రుచి ఎక్కడుంటుంది? అయినా అత్త నా ఇంట్లో కూర్చుంటుంది, నాకు అది చాలనుకున్నాను.

ఆ సాయంత్రం అత్త సంచి మంచం మీదే పెట్టుకుని కూర్చుంది. సినిమా మొదలైంది. ఆపింది, కథ చెప్పింది, నడిపించింది. నేను పొయ్యి పని చూసుకుంటూ వచ్చి పోతూ విన్నాను. సగం సినిమా అయ్యాక రిమోటు చచ్చిపోయింది. అత్త ఎంత నొక్కినా బొమ్మ ఆగదు. మర్నాడు పొద్దున మా ఆయన నొక్కితే ఆగింది. ఆ సాయంత్రం మళ్లీ మొదట పని చేసి, సరిగ్గా నడుమన పోయింది. మూడోనాడూ అంతే. మా ఆయన సెల్లులు మార్చాడు. భాయిని పిలిస్తే మధ్యాహ్నం షాపు మూసి వచ్చాడు. చిన్న ట్రాన్సిస్టర్ రేడియో ఆన్ చేసి, దాని పక్కన రిమోటు పెట్టి నొక్కితే రేడియో గురగురమని కూసింది. రిమోటు మంచిగనే ఉందన్నాడు. కన్ను మంచిగనే ఉందన్నాడు. నొక్కి చూపిస్తే బొమ్మ చెప్పినట్టు ఆగింది. టీ తాగి వెళ్లిపోయాడు. సాయంత్రం మళ్లీ అదే గోల.

"దీనికంటె అక్కడనే నయమున్నది," అన్నది అత్త, సంచి వైపు చూస్తూ.

నాకు అప్పుడు తెలిసిపోయింది, లేదా తెలిసిందనుకున్నాను. పగలంతా పని చేసేది రాత్రి అయ్యేసరికి ఎందుకు ఆగుతుంది? గోడ అవతల బల్బును ఎవరో పక్కకు తిప్పుతున్నారు. ముందు నవ్వుతూ రిమోటు ఇచ్చేయడం, తర్వాత చప్పుడు కాకుండా బల్బు తిప్పేయడం. అబ్బో, ఎంత మంచి మనిషి అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ అనుమానం వచ్చినప్పుడు నాకు సంతోషం కలిగింది. ఇన్నేళ్లకు ఒక వంక దొరికింది.

మర్నాడు సాయంత్రం బొమ్మ మొరాయించగానే, పాలు తోడు పెట్టడానికి మజ్జిగ కావాలని గిన్నె పట్టుకుని వాళ్లింట్లోకి పోయాను. తలుపు కొట్టలేదు. యారాలు టీవీ చూస్తూ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను వీడియో దగ్గరికి పోయి వంగి చూశాను. బల్బు పెట్టిన చోటే ఉంది. టేపు ఊడకుండా ఆమె దాని కింద గుడ్డ మడత కూడా పెట్టింది.

"అక్కా, నువ్వు దీన్ని ముట్టుకుంటున్నవా?" అడిగేశాను.

"నేనెందుకు ముట్టుకుంటనే? తుడిచేకాడ గుడ జాగ్రత్తగ తుడుస్తున్న. మళ్ల అత్తమ్మకు ఆగకుంటయితది," అన్నది. నా ముఖం చూసి ఆమెకు విషయం అర్థమైంది. అయినా కోపం తెచ్చుకోలేదు. లేచి నా గిన్నెలో మజ్జిగ పోసింది. ఆ గిన్నె పట్టుకుని ఇంటికి వస్తుంటే మింగలేక కక్కలేక చచ్చాను. ఆ పూట మా ఇంట్లో తోడు పెట్టడానికి పాలు కూడా లేవు.

సంగతి కనిపెట్టింది అత్తే. సాయంత్రమంతా రిమోటు చేతిలో పట్టుకుని కూర్చునేది ఆమె కదా. ఆ రాత్రి అన్నం తింటూ చెప్పింది.

"అది ఎప్పుడు సస్తున్నదో నేను చెప్పనా? నువ్వు పొయ్యి లోపటికి తెచ్చినంకనే సస్తున్నది."

మా కాలనీలో అందరివీ బొగ్గు పొయ్యిలు. కంపెనీ బొగ్గు ఇస్తుంది, వేరే దానితో వండే ఆలోచన కూడా ఎవరికీ రాదు. ఇనుప బకెట్టుకు లోపల మట్టి మెత్తి, నడుమ జాలీ పెట్టిన పొయ్యి అది. సాయంత్రం కాగానే వరుసంతా పొయ్యిలను ముందరికి తెచ్చి, అడుగున పిడకలు పెట్టి, పైన బొగ్గు పోసి ముట్టిస్తారు. అరగంట సేపు వీధిలో మనిషికి మనిషి కనిపించనంత పొగ. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసర్ల ఇళ్లవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పోయేవాళ్లు. పొగ తగ్గి, బొగ్గు ఎర్రగా కణకణలాడాక, బకెట్టు కాడకు గుడ్డ చుట్టి పట్టుకుని వంటగదిలోకి మోసుకొస్తాం. మా వంటగది తలుపు టీవీకి సూటిగా ఉంటుంది. పొయ్యి పెట్టే చోటు ఆ తలుపుకు సూటిగా ఉంటుంది.

మర్నాడు భాయి సాయంత్రం పూట వచ్చి చూసి, తలకాయ పట్టుకుని నవ్వాడు.

"భాభీ, నేను చెప్పిన ఆ కనిపించని వెలుగు నిప్పుల గుడ ఉంటది. రిమోట్‌ల ఉన్నదానికన్న ఎక్కువుంటది. నువ్వు ఎర్రగ మండే పొయ్యి తెచ్చి కన్నుకు ఎదురుంగ పెడ్తివి. అది గుడ్డిదయింది. నేను మధ్యాహ్నం వస్తి, పొయ్యి లేకపాయె. నాకేం ఎరుక?"

"ఇప్పుడేం చెయ్యాలె?"

"కన్నన్న జరుపాలె, పొయ్యన్న జరుపాలె."

కన్ను జరపాలంటే మంచం జరపాలి. మంచం జరిపితే అత్తకు ఫ్యాను గాలి తగలదు. ఆమె అప్పటికే ముఖం ముడుచుకుంది. నేను ఇంకో మాట రానివ్వలేదు. పొయ్యిని వెనక పెరట్లోకి, రేకుల కిందికి, గోడ మూలకు మార్చేస్తానన్నాను. అక్కడి నుంచి టీవీ కనపడదని మా ఆయన అన్నాడు. "నాకు టీవీ ఎందుకు?" అన్నాను. అది నిజం. నాకు కావలసింది టీవీ కాదు.

ఆ రోజు నుంచి కన్ను చక్కగా పని చేసింది. అత్త మా ఇల్లు కదలలేదు. నేను పెరట్లో రేకుల వేడి కింద కూర్చుని, చెమటలు కక్కుతూ వండుతున్నా నా మనసు చల్లగా ఉంది. ఆ చల్లదనం నాలుగు రోజులు కూడా నిలవలేదు.

యారాలు రావడం మొదలుపెట్టింది. బావది రెండో షిఫ్టు నడుస్తోంది. ఇంట్లో ఒక్కతే. రంగుల టీవీ ముందు ఒంటరిగా కూర్చుంటే బొమ్మ దానంతట అది ఆగిపోతుంది, దానంతట అది వెనక్కి పోతుంది. గోడ ఇవతల అత్త ఏం చెబుతుందో వినపడదు. "ఆడ ఒక్కదాన్ని ఏం జూస్తనే, ఆగిందెందుకో ఎరుకగాదు," అంటూ వాళ్ల క్యాసెట్టు పెట్టి, వాళ్ల తలుపు దగ్గరికి వేసి, మా ఇంటికి వచ్చి అత్త మంచం మీద పక్కన కూర్చునేది. రంగుల టీవీ వదిలి మా బ్లాక్ అండ్ వైట్ చూడటానికి.

నా సంగతి చూడండి. వైరు నేనే లాగించాను. కన్ను నేనే పెట్టించాను. దండెం విప్పించి నా చీరలు ముళ్లకంచె మీద ఆరేసుకున్నాను. రిమోటు నా ఇంట్లో ఉంది, అత్త నా ఇంట్లో ఉంది. చివరికి ఆ ఇద్దరూ నా ముందు గదిలో ఫ్యాను కింద నవ్వుకుంటున్నారు. నేను వెనక పెరట్లో పొయ్యి దగ్గర ఉన్నాను. ఇదివరకు గోడ అవతల నుంచి వినపడే నవ్వులు ఇప్పుడు నా ఇంట్లో నుంచే నాకు వినపడుతున్నాయి. ఎవరి మీద మండిపడాలో తెలియలేదు. మా ఆయన మీద పడ్డాను. ఆయన అలవాటు ప్రకారం డ్యూటీకి తొందరగా వెళ్లిపోయాడు.

వండటం పెందలాడే ముగించుకుని వాళ్ల దగ్గర కూర్చోవచ్చు కదా అని మీరు అనొచ్చు. యారాలు కూడా అదే అన్నది. "జల్ది రా, నువ్వుగుడ కూసో." తన ఇంట్లోకి పిలిచినట్టు నా ఇంట్లోకి నన్ను పిలిచింది. అలా పిలిస్తే నేను వెళ్తానా?

ఒక సాయంత్రం అన్నం పొయ్యి మీద ఉంది. లోపల బొమ్మ ఆగింది, చప్పుడు లేదు. అత్త గొంతు వినపడింది. సినిమా కథ కాదు అది. తన కథ చెబుతోంది. పెళ్లయిన కొత్తలో మామతో ఏదో మాటకు అలిగి పుట్టింటికి పోయిందట. వానాకాలమంతా ఎదురు చూసినా మామ తీసుకుపోవడానికి రాలేదట. కబురు కూడా పంపలేదట. చివరికి తానే చేతిసంచి పట్టుకుని తిరిగి వచ్చేసిందట. ఆ మాటలు నవ్వుతూ చెబుతోంది. యారాలు అయ్యో అంటోంది.

ఆ కథ అత్త నాకెప్పుడూ చెప్పలేదు. ఇన్నేళ్లు ఒక్క ఇంట్లో ఉన్నాం. ఆమె తల నేను దువ్వాను, కాళ్లు నేను పిసికాను. నాకు చెప్పని కథ అవతలి కోడలికి చెప్పింది.

అన్నం గిన్నె దించి పక్కన పెట్టాను. కాడకు గుడ్డ చుట్టి పొయ్యిని ఎత్తాను. కణకణమండే పొయ్యి మోసుకొచ్చి వంటగది తలుపు దగ్గర, కన్నుకు సూటిగా దించాను. మళ్లీ వెళ్లి అన్నం గిన్నె తెచ్చి దాని మీద పెట్టాను. అత్త కథ ముగించి బటన్ నొక్కింది. బొమ్మ కదలలేదు. మళ్లీ నొక్కింది. ఏమీ లేదు.

"మళ్ల ఏమాయెనో," అంటూ యారాలు లేచింది. "ఉండు అత్తమ్మా, నేను పోయి పెట్టె మీది బటన్ నొక్కొస్త." గడప దాటి వెళ్లిపోయింది.

అత్త రిమోటును ఒళ్లో పెట్టుకుని పొయ్యి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"పొయ్యి కావాలనే తెచ్చినవా?"

"అవును."

"అది లేసి పోవాలననేనా?"

"అవును," అన్నాను. దాచడానికి ఏముంది? అంతవరకు వచ్చాక మిగిలింది కూడా అడిగేశాను. "నీకు నాకన్న ఆమెనే ఎక్కువ గదా అత్తమ్మా?"

అత్త రిమోటు పక్కన పెట్టింది. ఆలోచించింది. ఆమె అబద్ధం చెబుతుందని నేను ఆశపడ్డాను.

"అవును బిడ్డా," అన్నది. "దానితోని మాట్లాడితె నాకు పానం నిమ్మలమైతది."

"మరి ఆమె కాడనే ఉండరాదు? పెద్దమనుషులు చెప్పిన్రని ఉన్నవా నా ఇంట్ల?"

"పెద్దమనుషులు ఎన్నడో సచ్చిన్రు. వాళ్ల మాటకు ఎవలుంటరు?"

"మరి ఎందుకున్నవు?"

"నువ్వు పోనియ్యవు గదనే," అన్నది అత్త, అది అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. "ఆడికి పోతున్నని వైరు గుంజిపిస్తివి. వైరు చాలలేదని కన్ను పెట్టిస్తివి. కన్నుకు ఆనకపోతె ఎండల కూసుండి వండుతున్నవు. ఇగో, ఇప్పుడు మండే పొయ్యి మోసుకొస్తివి. నన్ను ఆపుకునెటందుకు మీ మామ గుడ గింత కొట్లాడలే."

అది మెచ్చుకోలో, దెప్పిపొడుపో ఆమె ముఖం చూస్తే తెలియలేదు. నాకు ఆమె మీద కోపంగానే ఉంది. ఇష్టం యారాలి మీద ఉందని నా ముఖం మీదే చెప్పింది కదా. అయినా ఒళ్లో నుంచి ఏదో బరువు దించినట్టు ఉంది.

గోడ అవతల నుంచి యారాలి కేక వినపడింది. "అత్తమ్మా, నడుస్తున్నదా?"

"నడుస్తున్నది. రా," అన్నది అత్త.

"అన్నం ఉడికేదాక పొయ్యి ఈడికెల్లి తియ్య," అన్నాను.

"తియ్యకు," అన్నది.

యారాలు తిరిగి వచ్చేసరికి నేను మంచం మీద, అత్త పక్కన, ఆమె రోజూ కూర్చునే చోట కూర్చుని ఉన్నాను. ఆమె ఒక్క క్షణం నిలబడి, చాప వేసుకుని కింద కూర్చుంది. నన్ను జరగమని అడగలేదు. అడిగినా జరిగేదాన్ని కాదు.